ఎవరు అన్నది వేరు, ఎందరు అన్నది వేరు

నిలువనీడ లేనివాళ్ళ గురించి ఎక్కడ మాట మొదలైనా, ఐదు నిమిషాలు తిరక్కుండానే అది తాగుడు దగ్గరికి చేరుతుంది. ఆ తర్వాత మతిస్థిమితం. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "వాళ్ళకి అలా బతకడమే ఇష్టమండీ" అంటారు. ఆఖర్న ఎవరో ఒకరు తమకి తెలిసిన ఒక మనిషి కథ చెప్తారు: పని ఇప్పిస్తే నాలుగు రోజుల్లో మానేశాడట, గది చూపిస్తే అదీ వదిలేసి మళ్ళీ రోడ్డు మీదికే వెళ్ళాడట. అందరూ తలలూపుతారు. ఇక చర్చకి చోటు లేదు.

ఆ కథ అబద్ధమని నేను అనను. నిజమే అయ్యుంటుంది. నా పేచీ అల్లా దాన్ని సాక్ష్యంగా వాడటంతోనే. ఒక మనిషి ఎందుకు రోడ్డున పడ్డాడో చెప్పే కథ, ఒక నగరంలో 10,000 మంది ఎందుకు రోడ్డున పడ్డారో చెప్పలేదు. మొదటి ప్రశ్నకి జవాబు ఆ మనిషి జీవితంలో దొరుకుతుంది. రెండో ప్రశ్నకి జవాబు అద్దెల్లో, జీతాల్లో, కట్టిన ఇళ్ళ సంఖ్యలో ఉంటుంది. మనం రెండో ప్రశ్న వేసి, దాని కింద మొదటిదాని జవాబు రాసేసి లేచిపోతున్నాం.

ఒక కోర్సులో 100 సీట్లుండి 1,000 మంది పరీక్ష రాశారనుకోండి. 900 మందికి సీటు రాదు. వాళ్ళెవరో తెలియాలంటే ఒక్కొక్కరి సంగతీ చూడాలి. ఒకడు సరిగ్గా చదవలేదు, ఒకమ్మాయికి పరీక్షరోజు జ్వరం, ఇంకొకడికి లెక్కలంటే భయం. అన్నీ నిజాలే. కానీ సీటు రానివాళ్ళు సరిగ్గా 900 మందే ఎందుకయ్యారని అడిగితే వాళ్ళ మార్కుల కాగితాలు తిరగేసి లాభం లేదు. అందరూ రాత్రింబగళ్ళు చదివినా 900 మంది బయట మిగిలేవాళ్ళే.

ఇది వాదన కోసం చెప్పిన పోలిక మాత్రమే అనుకోకండి. పరీక్షించి చూసుకోవచ్చు. ఇళ్ళు లేకపోవడానికి మత్తే మూలమైతే, మత్తు ఎక్కువున్న చోట ఇళ్ళు లేనివాళ్ళూ ఎక్కువుండాలి. పేదరికమే మూలమైతే పేద ప్రాంతాల్లో ఎక్కువుండాలి. వెచ్చటి వాతావరణమే ఆకర్షణ అయితే వెచ్చటి ప్రాంతాల్లో ఎక్కువుండాలి. అమెరికా లెక్కలతో ఈ మూడూ సరిచూడొచ్చు. (ఈ వ్యాసంలో అమెరికా మాటిమాటికీ వస్తుంది. ఆ కష్టం అక్కడే ఎక్కువని కాదు. రాష్ట్రాలవారీగా ఏటా లెక్కపెట్టి, తమకి ఇబ్బందికరమైనా సరే అచ్చేసుకునే అలవాటు వాళ్ళకుంది కాబట్టి.)

మాదకద్రవ్యాల మోతాదు మించి చనిపోయేవాళ్ళ రేటులో వెస్ట్ వర్జీనియా ఏళ్ళ తరబడి ఆ దేశంలో ముందు వరసలో ఉంది. 2023 లెక్క ప్రకారం అక్కడ ప్రతి 10,000 మందిలో ఇల్లు లేనివాళ్ళు 8 మంది. కాలిఫోర్నియాలో 46 మంది. దేశ జనాభాలో 12 శాతం కూడా లేని ఆ ఒక్క రాష్ట్రంలోనే, దేశంలో ఇళ్ళు లేనివాళ్ళలో 28 శాతం మంది ఉన్నారు. మిసిసిపీ చూడండి. అమెరికాలో అతి పేద రాష్ట్రాల్లో ఒకటి, పైగా వెచ్చటి రాష్ట్రం. అక్కడ 10,000 మందికి నలుగురు కూడా లేరు, దేశం మొత్తం మీద అదే అతి తక్కువ. మంచు కురిసే వెర్మాంట్, న్యూయార్క్ రాష్ట్రాల్లో 50 దాటారు. డెట్రాయిట్ నగరంలో పేదరికం సియాటిల్ నగరం కన్నా చాలా ఎక్కువ, ఇళ్ళు లేనివాళ్ళ రేటు మాత్రం సియాటిల్ కన్నా బాగా తక్కువ. ఈ జాబితాని మత్తుతో పేర్చినా, పేదరికంతో పేర్చినా, ఎండతో పేర్చినా వరస కుదరదు. అద్దెలతో పేర్చితే కుదురుతుంది. 2020లో అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఇదే సంబంధాన్ని అంకెల్లో పెట్టింది: మధ్యస్థ అద్దె (సగం ఇళ్ళ అద్దె దీనికి తక్కువ, సగం ఇళ్ళది ఎక్కువ) 100 డాలర్లు పెరిగిన చోట ఇళ్ళు లేనివాళ్ళ రేటు 9 శాతం ఎక్కువగా కనిపించింది.

మిసిసిపీలో తాగుబోతులు లేరా? ఉన్నారు. అక్కడ తాగుబోతు అద్దె కట్టగలడు. కట్టలేకపోయినా అతని చెల్లెలి ఇంట్లో ఇంకో గది ఉంటుంది. అద్దె మండిపోయే నగరంలో చెల్లెలే ఒక్క గదిలో ముగ్గురు పిల్లలతో సర్దుకుంటుంది.

"మతిస్థిమితం లేనివాళ్ళని ఆసుపత్రుల్లోంచి బయటికి పంపేయడం వల్లే ఇదంతా" అనే వాదన కూడా తరచుగా వింటాం. దీన్ని కొట్టిపారేయలేం, తేదీలు మాత్రం చూడాలి. అమెరికా ప్రభుత్వ మానసిక చికిత్సాలయాల్లో 1955లో సుమారు 5.6 లక్షల మంది ఉండేవాళ్ళు. 1980 నాటికి ఆ సంఖ్య లక్షన్నర లోపుకి పడిపోయింది. అంటే ఖాళీ అవడం చాలావరకు అప్పటికే అయిపోయింది. వీధులు నిండటం అందరి కంటా పడింది మాత్రం 1980ల మొదట్లో. మరి మధ్యలో ఆ మనుషులంతా ఎక్కడున్నారు? చాలామంది చవక గదుల్లో ఉన్నారు: ఒక మంచం, ఒక బల్ల, వరండా చివర ఉమ్మడి స్నానాలగది, వారానికో రోజుకో అద్దె, అడ్వాన్సు లేదు, ఎవరి పూచీకత్తూ అక్కర్లేదు. 1970ల నుంచి 1980ల నడుమ దాకా అమెరికా నగరాలు ఇలాంటి గదుల్ని దాదాపు 10 లక్షలు పోగొట్టుకున్నాయని అంచనా. కొన్నిటిని పడగొట్టారు, కొన్నిటిని ఖరీదైన ఫ్లాట్లు చేశారు, కొన్నిటిని "మనుషులు ఉండదగినవి కావు" అని నిబంధనలతో మూయించారు. మూయించినవాళ్ళలో చాలామందికి చెడు ఉద్దేశం లేదు. ఆ గదులు నిజంగానే అధ్వానంగా ఉండేవి. కాకపోతే ఆ గదికీ ఫుట్‌పాత్‌కీ మధ్య ఇంకో మెట్టు ఉందేమోనని ఎవరూ చూసుకోలేదు. లేదు.

ఇంతకీ ఎంతమంది? ఇక్కడే అసలు తిరకాసు.

ఒకసారి రాత్రి లెక్కింపుకి నేనూ వెళ్ళాను. ఇద్దరిద్దరు చొప్పున జట్లు, చేతిలో టార్చి, అట్టకి క్లిప్పు పెట్టిన ఫారం. నిద్రలేపకూడదు, ముఖం మీద వెలుగు వేయకూడదు. ఆడా మగా, వయసు సుమారుగా ఎంత అన్నవి దూరం నుంచే పోల్చుకుని రాయాలి. తల దాకా దుప్పటి కప్పుకున్న మనిషి వయసెంతో మీరు చెప్పగలరా? మా ఫారంలో అన్నిటికన్నా నిండిన గడి "తెలియదు" అన్నదే. ఒక బస్టాపులో ఒకాయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. బూట్లు తొడుక్కునే ఉన్నాడు, సంచీ రెండు కాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు, పట్టీ మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకున్నాడు. ఆఖరి బస్సు వెళ్ళి రెండు గంటలు దాటింది. "రాద్దామా?" అన్నాను. నా జట్టులో ఆవిడ నిబంధన గుర్తు చేసింది: పడుకుని ఉండాలి, లేదా పడుకోబోతున్నట్టు కనిపించాలి. ఆయన కూర్చున్నాడు. రాయలేదు. ఇంకాస్త ముందు ఒకామె భుజాన సంచీతో చకచకా నడిచి వెళ్తోంది. ఏదో పని ఉన్నట్టే నడుస్తోంది. తిరుగు దారిలో మళ్ళీ అదే వీధిలో, అదే నడకతో ఎదురైంది. రాత్రిపూట ఆడవాళ్ళు చాలామంది పడుకోరని, తెల్లారేదాకా నడుస్తూనే ఉండి, పగలు ఏ బస్సులోనో లైబ్రరీలోనో కునుకు తీస్తారని నా జట్టులో ఆవిడే చెప్పింది. ఆమెనీ రాయలేదు. మర్నాడు ఆ ప్రాంతానికి ఒక అంకె వచ్చింది. దాన్ని పట్టుకుని పోయినేటితో పోల్చి, ఇంత శాతం మార్పు అని చెప్పుకున్నారు.

ఈ పద్ధతిని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. లెక్కే లేకపోవడం కన్నా ఇది నయం. ఆ అంకెని మొత్తం సంఖ్యగా చదవడంతోనే చిక్కంతా. ప్రతి దేశపు అంకె వెనకా ఒక నిర్వచనం ఉంటుంది, అది తెలియకుండా అంకె చదివితే మోసపోతాం. జపాన్ చూడండి. 2003లో అక్కడ ప్రభుత్వ లెక్క 25,296. 2024లో 2,820. అద్భుతంలా ఉంటుంది. కొంత నిజంగానే తగ్గింది, కాదనను. కానీ అక్కడి చట్టం ప్రకారం పార్కుల్లో, నదుల గట్ల మీద, రోడ్ల మీద, స్టేషన్లలో బతికేవాళ్ళే లెక్కలోకి వస్తారు, అదీ కంటితో చూసి పెట్టే లెక్క. రాత్రంతా తెరిచి ఉండే ఇంటర్నెట్ కెఫేల్లో, కుర్చీ వెనక్కి వాల్చుకుని పడుకునేవాళ్ళు అందులో లేరు. టోక్యో నగర ప్రభుత్వం 2018 జనవరిలో బయటపెట్టిన సర్వే ప్రకారం, ఇల్లు లేక అలా గడిపేవాళ్ళు ఆ ఒక్క నగరంలోనే రోజుకి సుమారు 4,000 మంది. ఆ ఏడాది దేశం మొత్తానికి ప్రభుత్వం చెప్పిన సంఖ్య 5,000 లోపు.

ఇంగ్లండ్‌లో 2024 శరదృతువులో ఒక రాత్రి ఆరుబయట పడుకున్నవాళ్ళు 4,667 మంది అన్నారు. అదే ఏడాది చివర, సొంతంగా చోటు లేక స్థానిక సంస్థలు చూపించిన తాత్కాలిక వసతుల్లో ఉన్న కుటుంబాలు 1.2 లక్షలకు పైనే. వాటిలో పిల్లలే 1.6 లక్షలకు పైగా. ఒక హోటల్ గదిలో తల్లి, ఇద్దరు పిల్లలు, ఒక కెటిల్. ఇల్లు లేనివాడు అనగానే గడ్డం మాసిన మగవాణ్ణి ఊహించుకునే మన మనసుకి ఈ పిల్లలు ఎక్కడా తగలరు. అమెరికాలో ఒక రాత్రి లెక్క 2022 జనవరిలో 5.8 లక్షలు చూపించింది. ఆ విద్యా సంవత్సరంలో ఇల్లు లేని విద్యార్థులుగా బడులు నమోదు చేసినవాళ్ళే 12 లక్షలు. రెండూ ప్రభుత్వ లెక్కలే. బడుల లెక్క ఏడాది పొడవునా సాగుతుంది, చుట్టాల ఇళ్ళలో ఇరుక్కుని ఉంటున్న పిల్లల్ని కూడా కలుపుకుంటుంది. ఒక రాత్రి లెక్క వాళ్ళని వదిలేస్తుంది. 2024లో ఆ ఒక రాత్రి లెక్క కూడా 7,71,480కి చేరింది, అది మొదలెట్టాక అప్పటిదాకా అదే అన్నిటికన్నా ఎక్కువ.

భారత జనగణనలో 2001లో 19.4 లక్షలుగా ఉన్న ఇళ్ళు లేని జనం 2011లో 17.7 లక్షలకి తగ్గారు. ఆ మొత్తం లోపల మాత్రం పట్టణాల్లో 7.8 లక్షల నుంచి 9.4 లక్షలకి పెరిగారు. ఇది 2011 ఫిబ్రవరి 28 రాత్రి రోడ్ల పక్కన, పైపుల్లో, ఫ్లైఓవర్ల కింద, ప్లాట్‌ఫారాల మీద కనిపించినవాళ్ళ లెక్క. ప్రపంచం మొత్తానికి 10 కోట్లు అనే అంకె 2005 నాటి ఐక్యరాజ్యసమితి అంచనా. ఇరవై ఏళ్ళు దాటినా ఇప్పటికీ అదే అంకెని ఒకరి నుంచి ఒకరు ఎత్తి రాసుకుంటున్నారంటే ఈ విషయం మీద మన శ్రద్ధ ఏపాటిదో చూడండి.

ఇళ్ళు లేనివాళ్ళ కోసం పనిచేసే యూరప్ సంస్థల సమాఖ్య ఫెయాంట్సా 2005లో ఒక వర్గీకరణ తయారు చేసింది. నెత్తిన కప్పే లేనివాళ్ళు, కప్పు ఉన్నా ఇల్లు లేనివాళ్ళు (ఆశ్రయాల్లో, హాస్టళ్ళలో ఉండేవాళ్ళు), ఏ క్షణాన పొమ్మంటారో తెలియనివాళ్ళు, ఉండదగని చోట ఉంటున్నవాళ్ళు. నాకు ఇది నచ్చుతుంది, ఎందుకంటే ఇల్లు పోవడం ఒక్క రాత్రిలో జరిగే పని కాదని ఇది ఒప్పుకుంటుంది.

మూడో రకం మనిషిని నేను దగ్గర నుంచి చూశాను, చూస్తున్నానని తెలియకుండానే. నాతో పనిచేసే ఒకతను అందరికన్నా ముందొచ్చి ఆఖర్న వెళ్ళేవాడు. శ్రద్ధ అనుకున్నాం. స్నానం ఆఫీసులోనే చేసేవాడని, కింద సొరుగులో ఫైళ్ళ వెనక రెండు చొక్కాలు, ఒక తువ్వాలు మడతపెట్టి ఉండేవని చాలా కాలానికి తనే చెప్పాడు. గదిలో తోడున్న మనిషి పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాడు. అద్దె మొత్తం ఒక్కడే కట్టలేక ఖాళీ చేశాడు. కొత్త గదికి నెలనెలా కట్టేంత జీతం ఉంది, ముందు కట్టాల్సిన అడ్వాన్సు లేదు. స్నేహితుల ఇళ్ళు మారుతూ గడిపాడు. "ఒక ఇంట్లో మూడు రాత్రులకి మించి ఉండేవాణ్ణి కాదు. నాలుగో రోజుకి ఆ ఇంట్లో గిన్నెల చప్పుడు మారుతుంది" అన్నాడు. అతను ఏ లెక్కలోనూ లేడు. తాగడు. పిచ్చి లేదు. ఉద్యోగం ఉంది. ఇంకో ఇద్దరు స్నేహితులు ఊళ్ళు మారి ఉంటే, బస్టాపులో నేను రాయని ఆ మనిషి పక్కన కూర్చునేవాడేమో.

ఇల్లు పోవడం నిజంగా ఇలాగే జరుగుతుందని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం 2023లో ప్రచురించిన పెద్ద అధ్యయనం కూడా చెప్పింది. సుమారు 3,200 మందిని ప్రశ్నలడిగారు. పదిమందిలో తొమ్మిదిమంది ఆఖరి ఇల్లు పోగొట్టుకుంది ఆ రాష్ట్రంలోనే, ఎక్కడినుంచో ఎండ కోసం వచ్చినవాళ్ళు కారు. ఇల్లు పోయే ముందు వాళ్ళ కుటుంబాల మధ్యస్థ నెలసరి ఆదాయం 960 డాలర్లు, ఆ రాష్ట్రంలో అది అద్దెకే చాలదు. నన్ను ఆపేసిన అంకె ఇంకోటుంది. తమ పేరున అద్దె ఒప్పందం ఉన్నవాళ్ళకి ఖాళీ చేసేందుకు దొరికిన వ్యవధి మధ్యస్థంగా 10 రోజులు. ఒప్పందం లేకుండా ఎవరి ఇంట్లోనో ఉంటున్నవాళ్ళకి ఒక్క రోజు. ఒక్క రోజులో ఎవరు మాత్రం ఏం సర్దుకోగలరు? ఒంటరి వయోజనుల్లో దాదాపు సగం మంది 50 దాటినవాళ్ళు. ఆ 50 దాటినవాళ్ళలో 41 శాతం మందికి ఆ వయసులోనే మొదటిసారి ఇల్లు పోయింది. అంటే అప్పటిదాకా వాళ్ళు మనలాగే అద్దెలు కట్టుకుంటూ, పనులు చేసుకుంటూ బతికినవాళ్ళే.

అయితే ఆ "ఎవరు" అనే ప్రశ్న పనికిరానిదా? పనికొస్తుంది, సరైన చోట వాడితే. తక్కువ జీతమున్న ప్రతివాడూ రోడ్డున పడడు. మధ్యలో అడ్డుపడేది మనుషులు: అమ్మానాన్న, అన్నదమ్ములు, ఒక మేనత్త, ఒక పాత స్నేహితుడు. అందుకే ఆ అడ్డు లేనివాళ్ళే ముందు జారతారు. అనాథాశ్రమం నుంచి 18 నిండగానే బయటికొచ్చిన పిల్లలు, జైలు నుంచి విడుదలైనవాళ్ళు, కొట్టే మొగుణ్ణి వదిలొచ్చిన ఆడవాళ్ళు, తామెవరో ఇంట్లో చెప్పినందుకు గెంటివేతకి గురైన ట్రాన్స్‌జెండర్ యువత, పరాయి దేశంలో కాగితాలు లేని వలస కూలీలు. తాగుడూ మనోవ్యాధీ చాలాసార్లు ఈ దారిలోనే పనిచేస్తాయి. ముందు బంధువుల ఓపికని తినేస్తాయి, ఇల్లు ఆ తర్వాత పోతుంది. తిరుగుదారి కూడా ఉంది. నెలల తరబడి సరిగ్గా నిద్రలేని మనిషికి మతి చలించడం వింత కాదు. సామాన్లు ఎవరూ ఎత్తుకుపోకుండా రాత్రంతా మెలకువగా ఉండటానికి మత్తు మొదలుపెట్టినవాళ్ళూ ఉన్నారు. మనం వాళ్ళని చూసేసరికి వ్యాధీ ఉంటుంది, వీధీ ఉంటుంది. ఏది ముందొచ్చిందో ముఖం చూసి చెప్పలేం.

యుద్ధాలూ వరదలూ ఇళ్ళు లాక్కున్న జనం సంగతి వేరే వ్యాసం. సొంత దేశంలోనే చెదిరిపోయి బతుకుతున్నవాళ్ళు 2024 చివరికి 8.3 కోట్లకు పైగా ఉన్నారని మాత్రం చెప్పి వదిలేస్తాను.

ఇంకొక అపోహ: ఒకసారి రోడ్డున పడ్డవాడు ఇక లేవడు అని. 1990ల్లో డెన్నిస్ కల్హేన్ అనే పరిశోధకుడు, అతని సహచరులూ న్యూయార్క్, ఫిలడెల్ఫియా ఆశ్రయాల రికార్డులు తిరగేశారు. అక్కడ తలదాచుకున్న ఒంటరి వయోజనుల్లో సుమారు 80 శాతం మంది కొద్దికాలం ఉండి వెళ్ళిపోయి, మళ్ళీ రాలేదు. 10 శాతం మంది వస్తూ పోతూ ఉన్నారు. మిగిలిన 10 శాతం మంది ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు, ఆశ్రయాల మొత్తం రోజుల్లో సగం దాకా వాళ్ళవే. మనకి రోజూ కనిపించే ముఖాలు ఈ ఆఖరి 10 శాతానివి. రోజూ కనిపిస్తాయి కాబట్టే అందరూ అలాంటివాళ్ళే అనుకుంటాం. మిగతా 80 శాతం మన కళ్ళ ముందే పడి, మన కళ్ళ ముందే లేచి, ఎవరికీ చెప్పుకోకుండా మళ్ళీ మనలో కలిసిపోతారు. మా ఆఫీసు మనిషిలాగా.

"ఇన్ని ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి కదా, ఇచ్చేస్తే సరి" అనేవాళ్ళు వేరే రకం. వాళ్ళ కోపం నాకు నచ్చుతుంది, లెక్క నచ్చదు. 2011 జనగణనలో భారత పట్టణాల్లో ఖాళీ ఇళ్ళు 1.1 కోట్లు. మరుసటి ఏడాది ప్రభుత్వ సాంకేతిక బృందం తేల్చిన పట్టణ ఇళ్ళ కొరత 1.88 కోట్లు, అందులో 95 శాతానికి పైగా బీద, అల్పాదాయ కుటుంబాలదే. పక్కపక్కన ఈ రెండు అంకెలూ చూస్తే రక్తం ఉడుకుతుంది. అయితే ఆ ఖాళీ ఇళ్ళలో అనేకం పని దొరకని చోట ఉంటాయి, లేదా డబ్బు దాచుకోవడానికి కొన్నవి. ముంబయి ఫుట్‌పాత్ వాసుల కేసులో 1985లో భారత సుప్రీంకోర్టు ఒప్పుకున్న నిజం ఇదే: వాళ్ళు అక్కడ ఉంటున్నది పని దగ్గర కాబట్టి, అక్కణ్ణించి తరిమేస్తే పోయేది చోటు మాత్రమే కాదు, కూడు కూడా. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు భాగమని చెప్పిన అదే తీర్పు, నోటీసు ఇచ్చి తొలగించడాన్ని మాత్రం ఆపలేదు. కోర్టులకి కూడా ఇక్కడిదాకా రాగానే కాళ్ళు తడబడతాయి.

తడబడనివాళ్ళు శిక్షించేవాళ్ళు. ఇంగ్లండ్ 1824లోనే ఆరుబయట పడుకోవడాన్ని నేరం చేసింది. రెండు వందల ఏళ్ళ తర్వాత 2024 జూన్‌లో, ఓరెగన్ రాష్ట్రంలోని గ్రాంట్స్ పాస్ అనే చిన్న పట్టణం కేసులో అమెరికా సుప్రీంకోర్టు 6–3 తేడాతో చెప్పింది: వేరే చోటు లేకపోయినా సరే, బహిరంగ స్థలంలో పడుకున్నందుకు జరిమానా వేయడం రాజ్యాంగం నిషేధించిన క్రూర శిక్ష కిందికి రాదు. అద్దె కట్టలేనివాడికి జరిమానా! కట్టకపోతే అది రికార్డులోకి ఎక్కుతుంది, ఆ రికార్డు చూసి రేపు ఇల్లు అద్దెకివ్వరు. బెంచీల మధ్య ఇనప కమ్మీలు బిగించేవాళ్ళ తెలివీ ఇదే తరహా. వాటివల్ల పడుకునే చోటు మారుతుంది, పడుకునేవాళ్ళ సంఖ్య మారదు.

సంఖ్య మారిన చోట్లు కొన్ని ఉన్నాయి. 2020 మార్చిలో కోవిడ్ భయంతో ఇంగ్లండ్ ప్రభుత్వం వీధుల్లో ఉన్నవాళ్ళందరినీ లోపలికి తెమ్మని ఆదేశించింది. కొన్ని వారాల్లో 15,000 మందికి దగ్గర దగ్గరగా హోటళ్ళకీ వసతులకీ చేరారు. దశాబ్దాలుగా "చాలా క్లిష్టమైన సమస్య" అంటూ వచ్చినది. వాళ్ళని ఇంట్లో ఉంచితే వైరస్ మనకీ అంటదని తోచగానే ఆ క్లిష్టత ఎటో పోయింది.

ముందు మత్తు మానెయ్, తర్వాత ఇల్లిస్తాం అనే పాత పద్ధతిని తిరగేసినవాళ్ళలో శామ్ సెంబెరిస్ అనే మనస్తత్వవేత్త ముఖ్యుడు. 1992లో న్యూయార్క్‌లో మొదలుపెట్టాడు: ముందు తాళం చెయ్యి ఇవ్వు, తక్కిన వైద్యం తర్వాత. వినడానికి అమాయకంగా ఉంటుంది. కెనడా దీన్ని 2009 నుంచి 2013 దాకా ఐదు నగరాల్లో, 2,000 మందికి పైగా మనుషులతో పరీక్షించింది. ఎవరికి ఇల్లు ముందివ్వాలో చీటీలు తీసినట్టు తేల్చారు. అందరూ మానసిక వ్యాధి ఉన్నవాళ్ళే, అంటే మన తలలూపే చర్చలో "వీళ్ళకిచ్చినా నిలబడరు" అనిపించుకునేవాళ్ళే. అధ్యయనం ఆఖరి ఆరు నెలల్లో, ఇల్లు ముందిచ్చినవాళ్ళలో 62 శాతం మంది అంతకాలమూ ఇంట్లోనే ఉన్నారు. మామూలు సేవలు అందినవాళ్ళలో 31 శాతం. ఆ మొదటి గుంపులోనూ అందరూ నిలబడలేదు, వదిలేసి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. మన కథలోని ఆ మనిషి వాళ్ళలో ఒకడై ఉంటాడు. అతన్ని చూపించి తక్కినవాళ్ళకి తాళం చెయ్యి ఇవ్వకపోవడం ఏ న్యాయం? హ్యూస్టన్ నగరం ఇదే దారిలో 2011 నుంచి ఇళ్ళు లేనివాళ్ళని 60 శాతానికి పైగా తగ్గించింది. అక్కడ అద్దెలు కాలిఫోర్నియా తీరంలో ఉన్నంత మండిపోకపోవడం కూడా కలిసొచ్చింది. అద్దె ఇల్లు దొరకని ఊళ్ళో తాళం చెయ్యి ఎక్కణ్ణించి తెస్తారు?

అందుకే అందరూ చెప్పే ఫిన్లండ్ కథని నేను కొంచెం వేరేగా చదువుతాను. 1987లో అక్కడ ఇళ్ళు లేనివాళ్ళు 18,000కి పైగా. 2023లో 3,429. అదీ చుట్టాల దగ్గరా స్నేహితుల దగ్గరా ఇరుక్కున్నవాళ్ళని కూడా కలుపుకునే లెక్క. ఆ సంఖ్యలో సగానికి పైగా వాళ్ళే. 2008లో మొదలెట్టిన జాతీయ కార్యక్రమంలో ఆశ్రయాల్నే మూసేసి ఫ్లాట్లుగా మార్చారు. హెల్సింకీలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన పెద్ద ఆశ్రయం కూడా అలా మారినదే, వరసల్లో మంచాలు పోయి ఎవరి తలుపు వాళ్ళకి వచ్చింది. నగరంలో ఆశ్రయ పడకలు 2008లో 558 ఉంటే 2016కి 52 మిగిలాయి. ఇదంతా సిద్ధాంతం గొప్పతనమని రాస్తారు. 1985 నుంచీ వై-ఫౌండేషన్ లాంటి సంస్థలు ఓపిగ్గా చిన్న ఫ్లాట్లు కొంటూ, కడుతూ వచ్చాయని, పైన ప్రభుత్వం అద్దె భత్యం ఇస్తూ వచ్చిందని తక్కువమంది రాస్తారు.

2024లో ఫిన్లండ్ ప్రభుత్వం ఖర్చు తగ్గించుకోవడానికి ఆ అద్దె భత్యానికి కోత పెట్టింది. ఆ దేశంలో తాగుడు ఆ ఏడాది హఠాత్తుగా పెరగలేదు, బద్ధకమూ పెరగలేదు. ఏడాది చివరి లెక్కలో ఇళ్ళు లేనివాళ్ళు 3,806 అయ్యారు, చాలా ఏళ్ళ తర్వాత మొదటి పెరుగుదల.